నైసియా నుంచి 1054 దాకా: తొలి, మధ్యయుగ క్రైస్తవ చరిత్రపై తరచుగా అడిగే ప్రశ్నలు

యూత్ మీటింగులు అయ్యాక, వాట్సాప్ గ్రూపుల్లో, వేరే మతాల స్నేహితులతో మాటల మధ్యలో ఈ ప్రశ్నలు తిరిగి తిరిగి వస్తూనే ఉంటాయి. వీటికి వీడియోల్లో దొరికే జవాబులు చాలావరకు చరిత్ర ముందు నిలబడవు. కొన్ని విశ్వాసాన్ని పడగొట్టాలని చెప్పినవి, కొన్ని దాన్ని కాపాడాలన్న ఆత్రంలో చెప్పినవి. తప్పులు రెండింటిలోనూ ఉన్నాయి. అందుకే ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చి, కాలాన్ని బట్టి భాగాలుగా పెట్టాను. ఏ జవాబు దాకైనా నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## మొదటి మూడు శతాబ్దాలు

యేసును దేవుణ్ణి చేసింది కాన్‌స్టాంటైన్ చక్రవర్తేనట, నిజమా?

కాదు. కాన్‌స్టాంటైన్ పుట్టడానికి నూట యాభై ఏళ్లకు పైగా ముందే, క్రీ.శ. 112 ప్రాంతంలో, బితూనియ గవర్నర్ ప్లినీ చక్రవర్తి ట్రాజన్‌కు ఒక ఉత్తరం రాశాడు. క్రైస్తవులు ఒక నిర్ణీత రోజున తెల్లవారకముందే కూడుకుని, క్రీస్తును దేవుడిగా ఎంచి కీర్తన పాడుతున్నారని అందులో ఉంది. ప్లినీ వాళ్ల పక్షం మనిషి కాదు. వాళ్లను విచారించి, శిక్షలు వేసిన అధికారి. సంఘంలో పరిచర్య చేసే ఇద్దరు దాసీలను హింసించి మరీ వివరాలు రాబట్టాడు. ఆ సాక్ష్యానికి అందుకే అంత విలువ.

అంతకన్నా ముందు పౌలు పత్రికలున్నాయి. ఫిలిప్పీయులకు 2:6-11లో ప్రతి మోకాలూ యేసు నామమున వంగాలని ఉంది. యెషయా 45వ అధ్యాయంలో యెహోవా తన గురించి తానే చెప్పుకున్న మాట అది. దాన్ని ఒక యూదుడు యేసుకు చెప్పాడంటే చిన్న విషయం కాదు. రెండో శతాబ్దం ఆరంభంలో అంతియొకయ బిషప్ ఇగ్నేషియస్ తన ఉత్తరాల్లో యేసును "మన దేవుడు" అని సూటిగా రాశాడు. అంటే ఆరాధన ముందు నుంచీ ఉంది. నాలుగో శతాబ్దంలో తేల్చుకోవాల్సి వచ్చింది దాని అర్థాన్ని.

బైబిల్లో "త్రిత్వం" అన్న మాటే లేదు కదా?

లేదు. గ్రీకులో ఆ అర్థమిచ్చే మాట వాడినవాళ్లలో మనకు తెలిసిన మొదటివాడు అంతియొకయకు చెందిన థియోఫిలస్, 180 ప్రాంతంలో. లాటిన్‌లో దాన్ని వాడుకలోకి తెచ్చింది ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌కు చెందిన టెర్టుల్లియన్, మూడో శతాబ్దం ఆరంభంలో.

మాట తర్వాత వచ్చింది, చిక్కు మాత్రం మొదటి తరం నుంచీ ఉంది. వాళ్లు ఒక్కడే దేవుడని నమ్మే యూదు నేపథ్యం నుంచి వచ్చినవాళ్లు. అదే నోటితో యేసుకు ప్రార్థన చేశారు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ నామంలోకి బాప్తిస్మం ఇచ్చారు. ఈ మూడింటినీ వదలకుండా దేవుడు ఒక్కడేనని ఎలా చెప్పాలి? సబెల్లియస్ లాంటివాళ్లు ముగ్గురూ ఒకే వ్యక్తి అని, ఒకే దేవుడు వేర్వేరు రూపాల్లో కనిపించాడని తేల్చేశారు. అలాగైతే యేసు గెత్సెమనేలో ఎవరికి ప్రార్థించినట్టు? సంఘం ఆ దారి వద్దనుకుంది. తర్వాతి రెండు శతాబ్దాల వాదనలు సరైన దారి కోసం చేసిన వెతుకులాటే.

తొలి క్రైస్తవులు మూడు వందల ఏళ్లూ సొరంగాల్లో దాక్కునే బతికారా?

రోమ్‌లోని కాటకూంబులు సమాధుల కోసం తవ్వినవి. దాక్కోవడానికి కాదు. వాటి సంగతి ప్రభుత్వానికి తెలుసు. హింస నిజంగానే జరిగింది, ఘోరంగా జరిగింది. అయితే ఎక్కువ కాలం అది ఒక ఊళ్లో ఉండి పక్క ఊళ్లో లేకుండా సాగింది. 64లో నీరో చేసింది రోమ్ నగరానికే పరిమితం. సామ్రాజ్యంలో ప్రతి ఒక్కరూ దేవతలకు బలి అర్పించి సర్టిఫికెట్ తీసుకోవాలని ఆజ్ఞ వచ్చింది 250లో, డెసియస్ చక్రవర్తి కాలంలో. ఆ సర్టిఫికెట్లు కొన్ని ఈజిప్టు ఇసుకలో దొరికాయి కూడా. అన్నిటికన్నా భారీ హింస 303లో డయొక్లీషన్‌తో మొదలైంది. లేఖనాలు తగలబెట్టారు, చర్చి కట్టడాలు కూల్చారు. కూల్చడానికి కట్టడాలు ఉన్నాయంటే, అంతకుముందు నలభై ఏళ్లు వాళ్లు బహిరంగంగానే బతికారన్నమాట. 311లో గలేరియస్ హింస ఆపాడు. 313లో కాన్‌స్టాంటైన్, లిసీనియస్ కలిసి అందరికీ మత స్వేచ్ఛ ప్రకటించారు.

## నైసియా, 325

ఏరియస్ అసలు ఏమన్నాడు? ఆయన కూడా బైబిల్ చూపించే వాదించాడు కదా?

అవును, బైబిల్ చూపించే వాదించాడు. ఈ సంగతి పక్కన పెడితే ఆ గొడవ మనకు అర్థం కాదు. ఏరియస్ అలెగ్జాండ్రియాలోని ఒక చర్చికి పెద్ద. మంచి బోధకుడు, నియమంగా బతికినవాడు. 318 ప్రాంతంలో తన బిషప్ అలెగ్జాండర్‌తో విభేదించాడు. ఆయన వాదన ఇది: దేవుడు ఒక్కడే, ఆయనకు మొదలు లేదు. కుమారుడు పుట్టాడంటే ఆయనకు మొదలు ఉన్నట్టే. కాబట్టి కుమారుడు లేని స్థితి ఒకటి ఉండేది. దేవుడు అందరికన్నా ముందు, అందరికన్నా గొప్పగా ఆయన్ని సృష్టించాడు, ఆ తర్వాత ఆయన ద్వారా లోకాన్ని చేశాడు.

దీనికి ఆయన చూపించిన వచనాలు ఈనాటికీ వాదనల్లో వస్తూనే ఉన్నాయి. సామెతలు 8:22లో జ్ఞానం "యెహోవా నన్ను కలుగజేసెను" అంటుంది. యోహాను 14:28లో "తండ్రి నాకంటె గొప్పవాడు" అని ఉంది. కొలొస్సయులకు 1:15లో "సర్వసృష్టికి ఆదిసంభూతుడు" అని ఉంది.

దీనికి బదులుగా ఇంకో నాలుగు వచనాలు చదివేసి అలెగ్జాండర్ పక్షం ఊరుకోలేదు. వాళ్లు అడిగిన ప్రశ్న ఇంకా లోతైనది. సృష్టి అయినవాడు మనల్ని దేవునితో కలపగలడా? సృష్టి అయినవాడికి మనం రోజూ ప్రార్థిస్తున్నామంటే అది విగ్రహారాధన కాదా? తండ్రి ఎప్పుడూ తండ్రే అయితే, కుమారుడు లేని కాలం ఎలా ఉంటుంది? తర్వాత అలెగ్జాండ్రియా బిషప్ అయిన యువకుడు అథనేషియస్ తన జీవితమంతా పట్టుకుని నిలబడింది ఈ ప్రశ్నల మీదే. నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో అన్నిటికన్నా పదునైన వాదన ఇదే: మనల్ని రక్షించింది ఎవరు అన్నదాన్ని బట్టే ఆయన ఎవరో తేలుతుంది.

నైసియాలో ఓటింగ్ పెట్టి, స్వల్ప మెజారిటీతో యేసును దేవుడని తీర్మానించారట?

స్వల్ప మెజారిటీ అన్నది పూర్తిగా కట్టుకథ. నైసియా అంటే ఇప్పటి టర్కీలోని ఇజ్నిక్. 325 వేసవిలో అక్కడ 250 నుంచి 300 మంది దాకా బిషప్పులు కూడారు. తర్వాతి సంప్రదాయం 318 మంది అంటుంది. ఆదికాండము 14:14లో అబ్రాహాము వెంట వెళ్లినవాళ్ల సంఖ్య కూడా అదే కాబట్టి, దాన్ని అక్షరాలా తీసుకోనక్కర్లేదు. చివరి దాకా సంతకం పెట్టని బిషప్పులు ఇద్దరే, ఇద్దరూ లిబియా వాళ్లు: సెకండస్, థియోనస్.

సభ ముందున్న ప్రశ్న కూడా "యేసు దేవుడా, కేవలం మనిషా" అన్నది కాదు. ఆయన కేవలం మనిషని ఏరియస్ కూడా అనలేదు. కుమారుడు తండ్రి ఉన్న స్థాయిలోనే దేవుడా, లేక ఒక మెట్టు కింద ఉన్నవాడా అన్నదే ప్రశ్న. ఏరియస్ పక్షం తమకు అనుకూలంగా తిప్పుకోలేని మాట ఒకటి సభకు కావాల్సి వచ్చింది. అలా దొరికిందే హోమోఊసియోస్, అంటే తండ్రితో ఏక స్వభావం గలవాడు. బైబిల్లో లేని మాటను విశ్వాస ప్రమాణంలో పెట్టడం సంతకం చేసినవాళ్లలోనే చాలామందికి నచ్చలేదు. తర్వాతి యాభై ఏళ్ల గొడవకు విత్తనం అక్కడే పడింది.

బైబిల్లో ఏ పుస్తకాలు ఉండాలో నైసియాలోనే నిర్ణయించారా?

లేదు. ఆ సభ తీర్మానాలు మనకు ఉన్నాయి, వాటిలో పుస్తకాల జాబితా ఊసే లేదు. నాలుగు సువార్తలే ఉండాలని లియోన్ బిషప్ ఐరేనియస్ 180 ప్రాంతంలోనే వాదించాడు. పౌలు పత్రికలు అప్పటికే ఒక సంపుటంగా తిరుగుతున్నాయి. హెబ్రీయులకు, యాకోబు, 2 పేతురు, 2, 3 యోహాను, యూదా, ప్రకటన గ్రంథాల మీద మాత్రం ప్రాంతాన్ని బట్టి సందేహాలు చాలాకాలం ఉన్నాయి. ఈరోజు మన చేతుల్లో ఉన్న 27 పుస్తకాలనే, ఒకటి ఎక్కువా తక్కువా కాకుండా, పేర్లతో చెప్పిన మొదటి జాబితా 367లో అథనేషియస్ తన సంఘాలకు రాసిన ఈస్టర్ ఉత్తరంలో కనిపిస్తుంది. సంఘాలు చదువుకుంటూ వచ్చిన పుస్తకాలే నిలిచాయి. ఏ ఒక్క రోజునో, ఏ ఒక్క గదిలోనో జరిగిన ఎంపిక కాదది.

కాన్‌స్టాంటైన్ నిజంగా మారాడా, రాజకీయమేనా?

రెండూ ఉన్నాయనే నా నమ్మకం. ఆదివారాన్ని సెలవు చేశాడు, చర్చిలు కట్టించాడు, బిషప్పులకు ప్రయాణ ఖర్చులు పెట్టి సభ పిలిచాడు. సామ్రాజ్యం ఒక్కటిగా ఉండాలంటే సంఘం ఒక్కటిగా ఉండాలన్నది ఆయన లెక్క. సిద్ధాంతం కన్నా ఆయనకు ఐక్యతే ముఖ్యం. అందుకే 325లో ఏరియస్‌ను దేశం నుంచి పంపేసినవాడే, కొన్నేళ్లకు తిరిగి పిలిపించాడు. నైసియా పక్షాన నిలబడ్డ అథనేషియస్‌ను 335లో జర్మనీలోని ట్రియర్‌కు వెళ్లగొట్టాడు. 337లో మరణశయ్య మీద బాప్తిస్మం పొందాడు. ఇచ్చినవాడు నికొమీడియా బిషప్ యూసేబియస్, ఏరియస్‌కు పెద్ద అండ. నైసియా విశ్వాసం చక్రవర్తి కల్పనే అయితే ఈ ముగింపు అర్థం కాదు.

ఆ సభలో ఇంకేమైనా నిర్ణయించారా?

20 నియమాలు చేశారు. బిషప్పులు ఒక ఊరు వదిలి ఇంకో ఊరికి మారకూడదు. సంఘ సేవకులు వడ్డీకి అప్పులివ్వకూడదు. కొత్త బిషప్‌ను నియమించాలంటే కనీసం ముగ్గురు బిషప్పులు ఉండాలి. ఆదివారాలు, పెంతెకొస్తు దినాల్లో (ఈస్టర్ నుంచి పెంతెకొస్తు దాకా యాభై రోజులు) మోకాళ్ల మీద కాకుండా నిలబడి ప్రార్థించాలి, ఎందుకంటే అవి పునరుత్థానపు రోజులు. ఈ చివరిది తూర్పు సంఘాలు నేటికీ చాలావరకు పాటిస్తాయి.

## నైసియా తర్వాత, 381 వరకు

నైసియాతో గొడవ ముగిసిందా?

అసలు గొడవ నైసియా తర్వాతే మొదలైంది. కాన్‌స్టాంటైన్ కొడుకు కాన్‌స్టాంటియస్ ఏక స్వభావం అన్న మాటకు వ్యతిరేకి. 359లో రిమినీ, సెలూసియా సభల్లో ఒత్తిడి పెట్టి, కుమారుడు తండ్రిని "పోలినవాడు" అని మాత్రమే ఉన్న ప్రమాణానికి ఒప్పించారు. లోకమంతా మూలిగి, తాను ఏరియస్ పక్షమైపోయానని చూసి ఆశ్చర్యపోయిందని తర్వాత బైబిల్ పండితుడు జెరోమ్ రాశాడు.

అథనేషియస్ 328 నుంచి 373 దాకా అలెగ్జాండ్రియా బిషప్. ఆ 45 ఏళ్లలో ఐదుసార్లు, నలుగురు చక్రవర్తుల చేతుల్లో, మొత్తం సుమారు 17 ఏళ్లు ప్రవాసంలో గడిపాడు. ఒకసారి రోమ్‌లో, ఇంకోసారి ఈజిప్టు ఎడారిలో సన్యాసుల మధ్య తలదాచుకున్నాడు. ఆయన్ని కూడా మరీ పూలరథం ఎక్కించక్కర్లేదు. మొండివాడు, ప్రత్యర్థుల మీద మాట పెళుసు. కానీ రాజుల మాట మారినప్పుడల్లా తన మాట మార్చుకోలేదు.

జనం కూడా దీన్ని పెద్దల చర్చగా వదిలేయలేదు. నేటి ఇస్తాంబుల్ అయిన కాన్‌స్టాంటినోపుల్‌లో చిల్లర అడిగితే జనితుడు (పుట్టినవాడు), అజనితుడు (పుట్టనివాడు) అని తత్వం చెబుతారని, రొట్టె ధర అడిగితే తండ్రి పెద్దవాడు కుమారుడు చిన్నవాడు అంటారని నిస్సాకు చెందిన గ్రెగరీ విసుక్కున్నాడు.

తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అంటే ముగ్గురు దేవుళ్లే కదా?

ఈ అభ్యంతరం నాలుగో శతాబ్దంలోనే గట్టిగా వచ్చింది. దానికి జవాబు వెతికినవాళ్లు కప్పదొకియ ప్రాంతపు ముగ్గురు: కైసరయ బిషప్ బాసిల్, ఆయన తమ్ముడు నిస్సా గ్రెగరీ, స్నేహితుడు నజియాన్జస్ గ్రెగరీ. అన్నదమ్ములిద్దరికీ విశ్వాసంలో గురువు వాళ్ల అక్క మక్రీనా. ఆ పేరు మన ప్రసంగాల్లో దాదాపు వినిపించదు, వినిపించాలి.

దేవుడు ఏమిటి అన్న ప్రశ్నకు ఒకే జవాబు, ఎవరు అన్న ప్రశ్నకు ముగ్గురు అని వాళ్లు విడదీసి చెప్పారు. స్వభావం ఒకటే, వ్యక్తులు ముగ్గురు. ముగ్గురు మనుషులు వేర్వేరు పనులు చేస్తారు, ఒకరికి తెలియకుండా ఇంకొకరు చేస్తారు. తండ్రి, కుమారుడు, ఆత్మల విషయంలో పని ఒకటే, చిత్తం ఒకటే. తండ్రి నుంచి బయలుదేరి, కుమారుని ద్వారా సాగి, ఆత్మలో పూర్తవుతుంది. అందుకే ముగ్గురు దేవుళ్లు అనలేం. సండే స్కూల్లో వాడే నీరు, మంచు, ఆవిరి పోలిక మాత్రం వద్దు. ఒకే నీరు మూడు రూపాలు మార్చుకోవడం సరిగ్గా సబెల్లియస్ చెప్పిన సిద్ధాంతం, దాన్ని సంఘం మూడో శతాబ్దంలోనే తోసిపుచ్చింది.

మేం చర్చిలో చెప్పే నైసీయ విశ్వాస ప్రమాణం 325లో రాసిందేనా?

పూర్తిగా కాదు. 325 నాటిది "పరిశుద్ధాత్మను నమ్ముచున్నాము" అన్నంతతో ఆగి, ఆ తర్వాత ఏరియస్ మాటలకు శాపవాక్యాలతో ముగుస్తుంది. ఇప్పుడు మనం చెప్పే రూపం 381లో కాన్‌స్టాంటినోపుల్‌లో థియొడోసియస్ చక్రవర్తి పిలిచిన సభకు చెందినది. దానికి వచ్చిన 150 మందీ తూర్పు ప్రాంతాల బిషప్పులే. పరిశుద్ధాత్మ ప్రభువు, జీవమిచ్చువాడు, తండ్రితోనూ కుమారునితోనూ ఆరాధన పొందువాడు అన్న భాగం, ఒకే సంఘం, ఒకే బాప్తిస్మం అన్న మాటలు ఈ రూపంలో ఉన్నాయి. ఇక్కడ కూడా గెలిచింది ఆరాధన నుంచి వచ్చిన వాదనే. ఎవరి నామంలో బాప్తిస్మం ఇస్తున్నామో ఆయన్ని సృష్టిలో ఎలా కలుపుతాం అని బాసిల్ అడిగాడు.

క్రిస్మస్ అన్యుల సూర్యుడి పండగ నుంచి కాపీ కొట్టిందా?

అంత ఖాయంగా చెప్పలేం. డిసెంబర్ 25న క్రీస్తు పుట్టాడని ఉన్న మొదటి ఆధారం రోమ్‌లో 354లో కూర్చిన ఒక క్యాలెండర్ సంపుటం. అందులోని ఆ జాబితా 336 నాటిది. డిసెంబర్ 25న అజేయ సూర్యుడి పండగ అన్న మొదటి స్పష్టమైన ఆధారం కూడా అదే సంపుటంలో ఉంది. ఏది ముందో అక్కడే తేల్చడం కష్టం. ఇంకో లెక్క కూడా ఉంది. యేసు సిలువ మరణం మార్చి 25న అని పాశ్చాత్య సంఘాలు లెక్కించాయి, గర్భధారణ కూడా అదే తేదీన అనుకున్నాయి. దానికి తొమ్మిది నెలలు కలిపితే డిసెంబర్ 25. తూర్పున జనవరి 6 పాటించేవారు, ఆర్మేనియా సంఘం ఇప్పటికీ ఆ రోజే చేస్తుంది.

## ఎఫెసు, కాల్సెడోన్: క్రీస్తు ఎవరు?

మరియను "దేవుని తల్లి" అనడం క్యాథలిక్కులు తర్వాత కల్పించిందే కదా?

కాదు. నైసియాకు ముందే అలెగ్జాండ్రియా బిషప్ అలెగ్జాండర్ ఒక ఉత్తరంలో ఆ పేరు వాడాడు. 428లో కాన్‌స్టాంటినోపుల్ బిషప్ అయిన నెస్టోరియస్ దానికి బదులు "క్రీస్తు తల్లి" అనాలన్నాడు. దేవునికి తల్లి ఎలా ఉంటుందన్నది ఆయన బాధ, అది అర్థంలేని బాధ కాదు. అలెగ్జాండ్రియా బిషప్ సిరిల్ ఎదురు తిరిగాడు. మరియ కన్న బిడ్డ ఎవరు? దేవుడు ఒకడు, ఆ బిడ్డ ఇంకొకడు అయితే సిలువ మీద చనిపోయింది మనలాంటి ఒక మనిషే అవుతాడు. 431 ఎఫెసు సభ సిరిల్ పక్షాన నిలిచింది.

ఆ పేరు మరియ గొప్పతనం కోసం కాదు, ఆమె బిడ్డ ఎవరో చెప్పడం కోసం. ఇది గ్రహిస్తే ప్రొటెస్టంట్లకు కూడా దాంతో పేచీ ఉండదు. లూథర్ కూడా ఆ పేరును ఒప్పుకున్నాడు. అయితే సభ నడిచిన తీరు మాత్రం బాధాకరం. అంతియొకయ బిషప్పులు దారిలో ఉండగానే సిరిల్ సభ మొదలుపెట్టి నెస్టోరియస్‌ను తొలగించేశాడు.

కాల్సెడోన్‌లో ఏం తేల్చారు? అది మనకెందుకు?

451 అక్టోబర్‌లో, ఇప్పటి ఇస్తాంబుల్‌లో భాగమైన కదికొయ్‌లో, సుమారు 500 మంది బిషప్పులు కూడారు. అప్పటికి యూటికెస్ అనే వృద్ధ సన్యాసి, క్రీస్తులో మానవత్వం దైవత్వంలో కలిసిపోయి ఒకే స్వభావం అయిపోయిందని చెబుతున్నాడు. సభ అంగీకరించిన మాట: క్రీస్తు ఒకే వ్యక్తి, రెండు స్వభావాల్లో ఉన్నాడు. అవి ఒకదానిలో ఒకటి కలిసిపోలేదు, మారిపోలేదు, విడదీయబడలేదు, వేరుచేయబడలేదు. రోమ్ బిషప్ లియో పంపిన ఉత్తరానికి ఇందులో పెద్ద పాత్ర ఉంది.

గమనించండి, ఆ నాలుగూ "కాదు" అన్న మాటలే. దేవుడు మనిషి ఎలా అయ్యాడో సభ వివరించలేదు. ఏయే వివరణలు ఆ రహస్యాన్ని పాడుచేస్తాయో మాత్రం చెప్పింది. నాకు ఈ వినయం చాలా నచ్చుతుంది.

మనకెందుకు అంటే, కాల్సెడోన్‌కు ముందే నజియాన్జస్ గ్రెగరీ రాసిన ఒక్క వాక్యం చాలు: ఆయన ధరించనిది స్వస్థపడలేదు. క్రీస్తుకు మనిషి మనసు లేదంటే మన మనసుకు స్వస్థత లేదు. ఏడ్చింది, ఆకలిగొన్నది, భయపడింది నటన అయితే, ఆస్పత్రి మంచం పక్కన కూర్చుని ఆయనకు ప్రార్థించేవాళ్లకు ఏం మిగులుతుంది?

కేరళ సిరియన్ క్రైస్తవులు వీటిలో ఏ పక్షం?

అన్ని పక్షాలూ, అదీ ఒకే రాష్ట్రంలో. నెస్టోరియస్‌ను ఖండించడాన్ని పర్షియాలోని తూర్పు సంఘం ఒప్పుకోలేదు. ఈజిప్టు, ఇథియోపియా, ఆర్మేనియా, సిరియా సంఘాల్లో చాలామంది కాల్సెడోన్‌ను ఒప్పుకోలేదు. రెండు స్వభావాలంటే నెస్టోరియస్‌కు తలుపు తెరిచినట్టేనని వాళ్ల భయం. మలబారు క్రైస్తవులకు మొదట సంబంధం పర్షియా సంఘంతో. ఆరో శతాబ్దపు యాత్రికుడు కాస్మస్ మలే అనే మిరియాల దేశంలో క్రైస్తవులున్నారని, పశ్చిమ తీరంలో కల్యాణలో పర్షియా నుంచి నియమితుడైన బిషప్ ఉన్నాడని రాశాడు. చెన్నైలోని సెయింట్ థామస్ మౌంట్ మీద పహ్లవీ (పాత పర్షియన్) అక్షరాలున్న రాతి సిలువ ఇప్పటికీ ఉంది.

1599లో ఉదయంపేరూర్ సభలో గోవా ఆర్చ్‌బిషప్ మెనెజెస్ వాళ్లను రోమ్ కిందికి తెచ్చాడు. పోర్చుగీసు పెత్తనం భరించలేక 1653లో మట్టాంచేరిలో కూనన్ సిలువ ప్రమాణం చేసి చాలామంది బయటికొచ్చారు. 1665లో అంతియొకయ సంఘం నుంచి మార్ గ్రిగోరియోస్ రావడంతో, ఒక వర్గం కాల్సెడోన్‌ను ఒప్పుకోని పక్షంలో చేరింది. అందుకే ఈరోజు అక్కడ రోమ్‌తో ఉన్న సిరో మలబారు సంఘం, ఆర్థొడాక్స్, యాకోబైట్ సంఘాలు, త్రిస్సూర్ కేంద్రంగా పాత తూర్పు సంఘం అన్నీ ఉన్నాయి.

తెలుగు క్రైస్తవ్యం దారి వేరు. అది ప్రధానంగా పాశ్చాత్య మిషన్ల ద్వారా వచ్చింది: 18వ శతాబ్దంలో జెస్యూట్లు, 1805లో విశాఖపట్నంలో లండన్ మిషన్, 1842లో గుంటూరులో లూథరన్లు. అందుకే ఈ తగాదాలు మనకు అంత పరిచయం లేవు. కేరళ స్నేహితులను నెస్టోరియన్లని, ఏకస్వభావులని ముద్ర వేసేముందు ఒక్క విషయం తెలుసుకోవాలి. 1973లో పోప్ పాల్ 6, ఈజిప్టులోని కాప్టిక్ సంఘపు పోప్ షెనూడా 3, 1994లో పోప్ జాన్ పాల్ 2, తూర్పు సంఘపు మార్ దిన్ఖా 4 క్రీస్తు గురించి ఉమ్మడి ప్రకటనల మీద సంతకాలు చేశారు. పదిహేను వందల ఏళ్ల తగాదాలో చాలా భాగం మాటల తేడా అని ఇరుపక్షాలూ గుర్తించాయి.

## మధ్యయుగాలు

ఐకాన్లకు (క్రీస్తు, పరిశుద్ధుల పవిత్ర చిత్రాలకు) నమస్కరించడం పది ఆజ్ఞలకు విరుద్ధం కాదా?

సరిగ్గా ఇదే అభ్యంతరంతో బైజాంటియం (తూర్పు రోమా సామ్రాజ్యం) చక్రవర్తులు ఎనిమిదో శతాబ్దంలో బొమ్మలు తీయించేశారు. వాటిని గట్టిగా సమర్థించిన దమస్కు యోహాను ముస్లిం పాలనలో ఉన్నాడు, కాబట్టి చక్రవర్తి చేయి ఆయన మీద పడలేదు. ఆయన వాదన: కనిపించని దేవుణ్ణి చిత్రించకూడదన్నది నిజం. అయితే ఆయన శరీరధారి అయి కనిపించాడు, కనిపించినదాన్ని చిత్రించవచ్చు. 787లో రెండో నైసియా సభ ఆరాధన దేవునికే అని, బొమ్మకు ఇచ్చేది గౌరవమేనని విడదీసింది. 843లో ఐకాన్లు శాశ్వతంగా తిరిగొచ్చాయి. వాదనతో ఏకీభవించకపోయినా, అది క్రీస్తు శరీరధారణ మీద నిలబడ్డ వాదన అని ఒప్పుకోవాలి.

1054లో క్యాథలిక్, ఆర్థొడాక్స్ సంఘాలు ఒక్కరోజులో విడిపోయాయా?

ఒక్కరోజు కాదు, కొన్ని వందల ఏళ్లు పట్టింది. పరిశుద్ధాత్మ తండ్రి నుంచి బయలుదేరుతున్నాడని 381 నాటి ప్రమాణం. స్పెయిన్‌లో ఏరియస్ పక్షపు విసిగోతు జాతివాళ్లను ఎదుర్కొంటూ లాటిన్ సంఘం "కుమారుని నుండియు" అన్న మాట చేర్చింది. ఫ్రాంకుల రాజు షార్లమేన్ దాన్ని ప్రోత్సహించాడు. పోప్ లియో 3 అర్థాన్ని ఒప్పుకుంటూనే, ప్రమాణాన్ని మార్చొద్దని ఆ మాట లేని పాఠాన్ని వెండి పలకల మీద చెక్కించి రోమ్‌లో పెట్టించాడు. 1014లో మాత్రం రోమ్ కూడా దాన్ని తీసుకుంది. సార్వత్రిక సభ లేకుండా ఒక పక్షమే ప్రమాణాన్ని మార్చడం తూర్పువారికి మింగుడుపడలేదు. పోప్ అధికారం ఎంత, రొట్టె పులిసినదా పులియనిదా అన్నవి దీనికి తోడయ్యాయి.

1054 జూలై 16న కార్డినల్ హంబర్ట్ కాన్‌స్టాంటినోపుల్ ప్రధాన చర్చి హేగియా సోఫియా బలిపీఠం మీద బహిష్కార పత్రం పెట్టాడు. గ్రీకులు ప్రమాణంలోంచి ఆ మాట తీసేశారని అందులో ఆరోపించాడు. అది అసలు ఉన్నదే కాదు. ఆయన్ని పంపిన పోప్ లియో 9 అప్పటికే ఏప్రిల్‌లో చనిపోయాడు. బహిష్కరణ కూడా పేట్రియార్క్ (అక్కడి ప్రధాన బిషప్) మైకేల్ సెరులారియస్, ఆయన అనుచరుల మీదే తప్ప సంఘం మొత్తం మీద కాదు. మామూలు జనం మనసు విరిగింది 1204లో, నాలుగో క్రూసేడు (పశ్చిమ దేశాల మతయుద్ధం) సైనికులు కాన్‌స్టాంటినోపుల్‌నే దోచుకున్నప్పుడు. ఆ బహిష్కరణలను 1965 డిసెంబర్ 7న పోప్ పాల్ 6, పేట్రియార్క్ అథెనాగోరస్ ఉపసంహరించారు. సంఘాలు మాత్రం ఇంకా కలవలేదు.

జనం చదవకుండా చర్చి బైబిల్‌ను దాచిపెట్టిందా?

కొన్నిచోట్ల ఆంక్షలు నిజమే. కథారులు అనే భిన్న వర్గం బోధకు భయపడి 1229లో ఫ్రాన్స్‌లోని టులూజ్ సభ, మామూలు జనం దగ్గర దేశభాషలో బైబిల్ ఉండకూడదంది. 15వ శతాబ్దం ఆరంభంలో ఇంగ్లండ్‌లో సంఘ సంస్కర్త విక్లిఫ్ అనుచరుల వల్ల అనుమతిలేని అనువాదాలను నిషేధించారు. అయితే వెయ్యేళ్లంతా ఇదే జరిగిందనుకుంటే తప్పు. తొమ్మిదో శతాబ్దంలో సిరిల్, మెథోడియస్ స్లావ్ జనానికి లిపి తయారుచేసి లేఖనాలు అనువదించారు. అసలు పెద్ద అడ్డంకి ఖర్చు, చదువు. 716కు ముందు ఇంగ్లండ్ సన్యాసులు తయారుచేసిన ఒక్క సంపూర్ణ బైబిల్‌కు 500కు పైగా జంతువుల చర్మాలు పట్టాయని అంచనా. ఒక పల్లెటూరు అలాంటిది ఎక్కడ కొంటుంది?

రొట్టె, ద్రాక్షారసం నిజంగా శరీర రక్తాలవుతాయన్నది 1215లో పుట్టిన బోధా?

1215 నాలుగో లాటెరన్ సభలో అధికారికంగా వచ్చింది పదార్థ మార్పు అన్న సాంకేతిక పదం. నమ్మకం పాతది. ఇది మామూలు రొట్టె కాదని, యేసు శరీరమని 155 ప్రాంతంలోనే జస్టిన్ రాశాడు. అది ఏ విధంగా అన్నది తొమ్మిదో శతాబ్దం దాకా ఎవరూ పెద్దగా తవ్వలేదు. అప్పుడు ఫ్రాన్స్‌లోని కోర్బీ మఠంలో రాడ్‌బెర్టస్, రాత్రామ్నస్ అనే ఇద్దరు సన్యాసులు భిన్నమైన జవాబులు రాశారు. వేదాంతి థామస్ అక్వినాస్ 13వ శతాబ్దంలో అరిస్టాటిల్ భాషలో వివరించాడు. ప్రొటెస్టంట్లు కాదన్నది ఎక్కువగా ఆ వివరణనే. ప్రభువు బల్లలో ఆయన సన్నిధి నిజమైనదని లూథర్ కడదాకా పట్టుబట్టాడు.

సిలువ మరణం మనల్ని ఎలా రక్షిస్తుంది? దీని మీద కూడా సభ జరిగిందా?

జరగలేదు. త్రిత్వం మీద, క్రీస్తు స్వభావాల మీద ప్రమాణాలున్నాయి గానీ, దీని మీద ఏ సార్వత్రిక సభా ఒకే సిద్ధాంతాన్ని ఖాయం చేయలేదు. తొలి శతాబ్దాల్లో ఎక్కువగా వినిపించింది విజయం: క్రీస్తు మరణాన్ని, సాతానును ఓడించాడు. 1098లో కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ అన్సెల్మ్, పాపం దేవుని ఘనతకు బాకీ అన్నాడు. తీర్చాల్సింది మనిషి, తీర్చగలిగేది దేవుడు, కాబట్టి దేవుడే మనిషి కావాల్సి వచ్చింది. తర్వాత తరంలో అబెలార్డ్, సిలువలో కనిపించే ప్రేమ మన హృదయాన్ని మారుస్తుందని నొక్కి చెప్పాడు. మన పల్పిట్ల మీద ఎక్కువగా వినేది అన్సెల్మ్ మాటకు 16వ శతాబ్దంలో వచ్చిన రూపం. మిగిలిన రెండూ వినకపోతే మన ఈస్టర్ ప్రసంగాలకు నష్టమే.

ఈస్టర్ తేదీ మనకు, ఆర్థొడాక్స్ వారికి ఎందుకు వేరు?

సంఘమంతా ఒకే ఆదివారం ఈస్టర్ చేయాలన్నది నైసియా నిర్ణయమే. వసంత విషువత్తు (మార్చిలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజు) తర్వాత వచ్చే పౌర్ణమి, దాని తర్వాతి ఆదివారం అన్నది స్థిరపడిన లెక్క. పాత జూలియన్ క్యాలెండర్‌లో విషువత్తు మెల్లగా జరిగిపోతుండటంతో 1582లో పోప్ గ్రెగరీ 13 క్యాలెండర్‌ను సరిచేశాడు. ఆర్థొడాక్స్ సంఘాలు చాలావరకు ఈస్టర్‌కు పాత లెక్కనే ఉంచుకున్నాయి. నైసియాకు 1700 ఏళ్లు నిండిన 2025లో రెండు లెక్కలూ ఏప్రిల్ 20 మీదే కలిశాయి. 2026లో పాశ్చాత్య సంఘాలకు ఏప్రిల్ 5, ఆర్థొడాక్స్ సంఘాలకు ఏప్రిల్ 12.